హోమ్‌లో గెలిపించే ట్యాక్టిక్ అవే మ్యాచ్‌ల్లో ఎందుకు తడబడుతుంది: పిచ్ కొలతలు, ఫుట్‌బాల్ మేనేజర్

ఫుట్‌బాల్ క్లబ్‌ని మేనేజర్‌గా నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024 (ఎఫ్‌ఎం24) గురించి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎఫ్‌ఎం24లో ఫుల్హామ్‌తో ఆడుతున్నాను. 4-2-3-1 గెగెన్‌ప్రెస్ (పైకెళ్ళి ప్రత్యర్థి మీద పడి, అంటే ప్రెస్ చేసి, బంతి లాక్కునే పద్ధతి), టెంపో ఎక్కువ, డిఫెన్సివ్ లైన్ పైకి. మా హోమ్ గ్రౌండ్ క్రావెన్ కాటేజ్‌లో ఎవరొచ్చినా ఉక్కిరిబిక్కిరి చేస్తున్నాం. అదే టీమ్, అదే ట్యాక్టిక్ ఎతిహాద్, ఎమిరేట్స్ లాంటి పెద్ద పిచ్‌ల మీద పెడితే వెనకాల ఖాళీలు తెరుచుకుని గోల్స్ పడుతున్నాయి. పిచ్ సైజ్ గేమ్‌లో నిజంగా లెక్కలోకి వస్తుందా? పెద్ద పిచ్‌కి వేరే ట్యాక్టిక్ కట్టాలా? మన పిచ్ కొలతలు మనమే మార్చుకోవచ్చా?"

నేను ఈ గేమ్ చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను. పిచ్ కొలతల మీద పడిపోయి నెలల తరబడి సేవ్‌లు (సేవ్ చేసుకుంటూ సాగే ఆటలు) నడిపిన రోజులూ ఉన్నాయి. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ. ఎతిహాద్, ఎమిరేట్స్ పెద్ద పిచ్‌లు కావు. రెండూ 105 × 68 మీటర్లు. ఓల్డ్ ట్రాఫర్డ్ అంతే, చాలామంది మహా విశాలం అనుకునే క్యాంప్ నౌ కూడా అంతే. ఇవాళ పెద్ద స్థాయి ఫుట్‌బాల్‌లో అది మామూలు కొలత. తేడాగా ఉన్నది మీ సొంత పిచ్. క్రావెన్ కాటేజ్ 100 × 65. అంటే మీ ట్యాక్టిక్ ఇరుకైన ఇంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. బయట అది పిగులుతోంది. చిన్నస్వామిలో ఆడీ ఆడీ అలవాటైన బ్యాటర్ పెద్ద గ్రౌండ్‌కి వెళ్ళి అదే షాట్ కొడితే లాంగాన్‌లో క్యాచ్ అయిపోతాడు చూడండి, అలాంటిదే. షాట్‌లో లోపం లేదు, షాట్ నేర్చుకున్న చోటు వేరు. అందుకే "పెద్ద పిచ్‌కి ఏం మార్చాలి" అనేకంటే "నా హోమ్ పిచ్ నాకు ఊరికే ఏమేం ఇస్తోంది, బయట అందులో ఏది దొరకదు" అని అడిగితే జవాబు తొందరగా దొరుకుతుంది.

ఇప్పుడు లెక్క. 100 × 65 అంటే 6,500 చదరపు మీటర్లు. 105 × 68 అంటే 7,140. తేడా 640. గోల్‌కీపర్లను పక్కన పెడితే మైదానంలో 20 మంది ఉంటారు కదా, ఒక్కొక్కరి వాటాకి 32 చదరపు మీటర్ల ఖాళీ అదనంగా వస్తుంది. ఇంకోలా చెప్పాలంటే మనిషికీ మనిషికీ మధ్య దూరం సుమారు 5 శాతం పెరుగుతుంది. మీ వింగర్ ప్రెస్ చేయడానికి ఇంటి దగ్గర 10 మీటర్లు పరుగెత్తాలనుకుంటే బయట పదిన్నర పరుగెత్తాలి.

అర మీటరే కదా అనిపిస్తుంది. కానీ అర మీటరంటే ఒక కాలు చాపినంత దూరం. బంతికి బూటు మొన తగలడానికీ, తగలకపోవడానికీ మధ్య ఉండే దూరం అది. హోమ్‌లో మీ స్ట్రైకర్ అవతలి సెంటర్‌బ్యాక్ మీదకి వెళ్ళినప్పుడు అతను తల దించుకుని, ఉన్నపళంగా బంతిని తన్నేస్తాడు. బయట అదే స్ట్రైకర్ అదే వేగంతో వెళ్ళినా, అవతలి వాడికి తల ఎత్తి చూసేంత వ్యవధి దొరుకుతుంది. తల ఎత్తాడా, మీ డిఫెన్స్ వెనకాల పరుగు తీస్తున్న ఫార్వర్డ్ కనబడతాడు. మీకు పడుతున్న గోల్స్ అక్కడ పుడుతున్నాయి. రీప్లేలో మనం చూసేది డిఫెండర్ వెనకబడటాన్ని. అసలు కథ దానికి మూడు సెకన్ల ముందు, 50 మీటర్ల అవతల, ఒక ప్రెస్ ఆలస్యం కావడంతో మొదలైంది.

ఇది నాకు గేమ్ కంటే ముందు కాళ్ళకే తెలిసింది. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే నెట్ కట్టిన టర్ఫ్ మీద ఐదుగురు ఐదుగురు ఆడతాం. అక్కడ ఎవరి దగ్గర బంతి ఉన్నా రెండడుగులు వేస్తే వాడి మీద ఉంటాను. ఒకసారి అదే జట్టుతో, ఇంకొంతమందిని కలుపుకుని, ఒక కాలేజీ గ్రౌండ్‌లో పదకొండుగురి మ్యాచ్ ఆడాం. నేను టర్ఫ్ మీద లాగే బంతి కనబడగానే పరుగెత్తాను. నేను చేరేసరికి పాస్ వెళ్ళిపోయేది. మళ్ళీ పరుగు, మళ్ళీ పాస్. ఇరవై నిమిషాలకి ఊపిరి అందలేదు. అంతకన్నా ముఖ్యంగా, నేను వదిలి వచ్చిన చోటు నుంచే వాళ్ళు ఆడుకుంటూ పోయారు. ఆలస్యంగా చేసే ప్రెస్ ఒట్టి వృథా కాదు, అది ఎదురు నష్టం. మీ ఫుల్హామ్ కుర్రాళ్ళు బయట పడుతున్న అవస్థ అదే.

అయితే ఒక హెచ్చరిక. అవే ఓటములన్నీ పిచ్ మీదకే తోసేయకండి. ఎతిహాద్‌లో మీరు ఓడిపోవడానికి మొదటి కారణం అక్కడ ఉన్నది మాంచెస్టర్ సిటీ కావడం. ప్రత్యర్థి బలం, హోమ్ అడ్వాంటేజ్, ఆటగాళ్ళ మొరేల్, వారంలో రెండో మ్యాచ్ అయితే అలసట, ఇవన్నీ 3 మీటర్ల వెడల్పు కంటే బరువైనవి. నేను ఒకప్పుడు ఇది తేల్చుకుందామని ఒకే మ్యాచ్‌కి ముందు సేవ్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ లోడ్ చేసి ఆడాను. ఒకసారి గెలుపు, ఒకసారి చిత్తు ఓటమి, ఒకసారి డ్రా. స్కోరు చూసి ఏమీ తేల్చలేమని అర్థమైంది. అప్పటి నుంచి స్కోరు మానేసి, బంతి ఎక్కడ పోగొట్టుకుంటున్నాం, ఎక్కడ గెలుచుకుంటున్నాం అన్నది చూడటం మొదలుపెట్టాను. అది మాత్రం నాలుగైదు మ్యాచ్‌లు చూసేసరికి స్థిరంగా కనబడింది.

మీరూ అదే చేయండి. క్లబ్ పేజీలో స్టేడియం వివరాల దగ్గర పిచ్ కొలతలు ఉంటాయి. మీతో సమానమైన, లేదా మీకంటే కాస్త తక్కువ జట్ల మీద ఆడిన అవే మ్యాచ్‌లను మాత్రమే తీసుకోండి. వాటిలో 105 × 68 పిచ్‌ల మీద ఆడినవి ఒక పక్క, అంతకంటే చిన్న వాటి మీద ఆడినవి ఒక పక్క పెట్టండి. తర్వాత గేమ్‌లో గణాంకాలు చూపే డేటా హబ్‌లో పీపీడీఏ చూడండి. అంటే మీరు ఒక ట్యాకిల్ లాంటి డిఫెన్సివ్ పని చేసేలోపు ప్రత్యర్థి ఎన్ని పాస్‌లు ఇచ్చుకున్నాడో చెప్పే అంకె. చిన్న పిచ్‌ల మీద అది తక్కువగా ఉండి, పెద్ద పిచ్‌ల మీద బాగా పెరుగుతుంటే మీ ప్రెస్ అందడం లేదని అర్థం. రెండు చోట్లా ఒకేలా ఉంటే మీ సమస్య పిచ్ కాదు, ఇక్కడితో చదవడం ఆపేసి ఆటగాళ్ళ సంగతి చూడండి.

పిచ్ మారినప్పుడు ఏది మారదో కూడా గుర్తు పెట్టుకోవాలి. గోల్ వెడల్పు ఎక్కడైనా 7.32 మీటర్లే. పెనాల్టీ బాక్స్ ఎక్కడైనా 40.32 మీటర్ల వెడల్పు, 16.5 మీటర్ల లోతే. కాబట్టి పిచ్ కుదించినప్పుడు కోత పడేదంతా మిడ్‌ఫీల్డ్‌లోనూ, వింగ్‌లలోనే. 105 మీటర్ల పిచ్‌లో రెండు బాక్సులు తీసేస్తే మధ్యలో 72 మీటర్లు మిగులుతాయి, మీ పిచ్‌లో 67. బాక్స్ అంచు నుంచి టచ్‌లైన్ వరకు ఉండే పట్టీ 68 వెడల్పులో ఒక్కో వైపు 13.84 మీటర్లు, మీ దగ్గర 12.34. మీ పిచ్ వెడల్పులో 62 శాతం బాక్సే ఆక్రమించేస్తోంది.

దీన్నిబట్టే తేలుతుంది: ఫార్మేషన్ మార్చాల్సిన పని లేదు. బాక్స్ లోపల ఆట ఎక్కడైనా ఒకటే. మీ స్ట్రైకర్, మీ నంబర్ టెన్, సెట్ పీస్‌లలో ఎవరిని ఎవరు పట్టుకోవాలి, ఇవేవీ ముట్టుకోకండి. సర్దాల్సింది రెండే: మధ్యలో మూడు వరుసలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయి, ఒక్కో వింగ్‌లో ఎంతమంది నిలబడుతున్నారు.

ముందు వరుసల సంగతి, ఎందుకంటే మీ గోల్స్ అక్కడి నుంచే పడుతున్నాయి.

ట్యాక్టిక్ స్క్రీన్‌లో డిఫెన్సివ్ లైన్ (మన డిఫెండర్లు నిలబడే చోటు), లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ (మన ప్రెస్ మొదలయ్యే చోటు) అని రెండు గీతలుంటాయి కదా. ఎవరైనా వెనకాల గోల్స్ పడగానే మొదట చేసే పని డిఫెన్సివ్ లైన్‌ని ఒక మెట్టు కిందికి దించడం. ప్రెస్‌ని మాత్రం అలాగే పైన ఉంచేస్తారు. నా అనుభవంలో ఇంతకంటే చేటు చేసే సర్దుబాటు ఇంకొకటి లేదు. ఫార్వర్డ్‌లు పైకి పోతారు, డిఫెండర్లు కిందికి పోతారు, మధ్యలో మీ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు అరెకరం పొలానికి కాపలా కాస్తున్నట్టు నిలబడతారు. పిచ్ పెద్దదైతే ఆ పొలం ఇంకా పెద్దదవుతుంది. రెండు గీతల మధ్య ఎడం ఎప్పుడూ పెరగకూడదు. దించితే రెండూ కలిపే దించండి, లేదంటే పైదాన్ని మాత్రమే దించండి.

నేనైతే 105 × 68 పిచ్‌ల మీద ఇలా మొదలుపెడతాను: లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్‌ని హై ప్రెస్ నుంచి మిడ్ బ్లాక్‌కి తెస్తాను. డిఫెన్సివ్ లైన్ ఉన్నచోటే ఉంచుతాను, లేదా ప్రత్యర్థి ఫార్వర్డ్ మరీ వేగంగా పరుగెత్తేవాడైతే స్టాండర్డ్‌కి తెస్తాను. ఎంత తరచుగా ప్రెస్ చేయాలో చెప్పే ట్రిగ్గర్ ప్రెస్‌ని ఒక్క మెట్టు తగ్గిస్తాను. గోల్‌కీపర్ దగ్గర నుంచి షార్ట్ పాస్‌లు అడ్డుకోమనే సూచన ఉంటే తీసేస్తాను, ఎందుకంటే ముగ్గురిని ప్రత్యర్థి బాక్స్ దాకా లాక్కెళ్ళేది అదే. బంతి పోగానే కౌంటర్-ప్రెస్ చేయమన్న సూచనని మాత్రం వదలను. బంతి పోయిన క్షణంలో మనవాళ్ళు దాని చుట్టూ దగ్గర్లోనే ఉంటారు, పిచ్ ఎంత పెద్దదైనా ఆ నాలుగైదు మీటర్లు మారవు. గెగెన్‌ప్రెస్‌లో ఎక్కడైనా పనిచేసే భాగం అది. పిచ్ మీద ఆధారపడేది నిలకడగా నిలబడిన ప్రత్యర్థి మీదకి దూరం నుంచి పరుగెత్తే భాగం. రెండూ ఒకటే అనుకుని రెండూ ఉంచేస్తాం, లేదా రెండూ తీసేస్తాం. విడదీసి చూడండి.

ఇక మనుషుల సంగతి. మీ సేవ్ మొదటి సీజన్‌లోనే ఉంటే సెంటర్‌బ్యాక్‌లలో టిమ్ రీమ్ ఉండి ఉంటాడు. 1987లో పుట్టినవాడు. పాస్ ఇవ్వడంలో, చోటు తెలుసుకోవడంలో నాకు ఎంతో ఇష్టమైన ఆటగాడు. క్రావెన్ కాటేజ్‌లో అతని నిదానం దాదాపు కనబడదు. మిడ్‌ఫీల్డ్ గీత నుంచి మీ బాక్స్ అంచు దాకా అక్కడ 33.5 మీటర్లే, పైగా బంతి పైనుంచి వేసేవాడికి తీరిక ఉండదు. 105 మీటర్ల పిచ్‌లో అదే దూరం 36 మీటర్లు, వేసేవాడికి తీరిక ఉంటుంది, ఎదురుగా సిటీ స్ట్రైకర్ హాలండ్ లాంటివాడు ఉంటాడు. అలాంటి మ్యాచ్‌కి కాల్విన్ బాసీని దించి, రీమ్‌ని హోమ్ మ్యాచ్‌లకి దాచుకోండి. జట్టు ఎంపికలో పిచ్‌ని లెక్కలోకి తీసుకోవడమంటే నా దృష్టిలో ఇదే. ఒక్క మనిషిని మార్చడం చాలాసార్లు ఐదు సూచనలు మార్చడం కంటే మేలు చేస్తుంది. హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ పాలీన్యా మాత్రం ఏ పిచ్ మీదైనా ఉండాల్సిందే. ప్రెస్ దాటి వచ్చిన బంతిని నేలమట్టం చేసేవాడు బయట ఇంకా ఎక్కువ అవసరం.

ఇప్పుడు వింగ్‌లు. మీ 4-2-3-1లో వింగర్లు టచ్‌లైన్ పట్టుకుని నిలబడే రకమా, లోపలికి తిరిగే రకమా అన్నది మీరు చెప్పలేదు. హోమ్‌లో ఆ 12 మీటర్ల పట్టీలో వింగర్, వింగ్‌బ్యాక్ ఇద్దరూ బయటే నిలబడితే ఒకరి చోటు ఒకరు తినేస్తారు, ఒక్క ప్రత్యర్థి ఇద్దరినీ చూసుకోగలుగుతాడు. చిన్న పిచ్ మీద ఒక్కో వైపు వెడల్పు పట్టుకునేవాడు ఒక్కడే ఉండాలి. మీకు ఎడమ వైపు యాంటనీ రాబిన్సన్ లాంటి పరుగుల మనిషి ఉన్నాడు. అతన్ని బయట వదిలేసి, ముందున్న విలియన్‌ని ఇన్‌వర్టెడ్ వింగర్‌గా లోపలికి తిప్పండి, ఎడమ వైపు ఓవర్‌ల్యాప్ (వెనకవాడు బయట నుంచి వింగర్‌ని దాటి పరుగెత్తడం) పెట్టండి.

పెద్ద పిచ్ మీద ఇదే ఏర్పాటు ఒక జాగ్రత్త కోరుతుంది. రాబిన్సన్ పైకి వెళ్ళాక బంతి పోతే అతను తిరిగి రావాల్సిన దూరం పెరుగుతుంది. అతనికి స్టామినా ఉంది కాబట్టి వస్తాడు. కుడి వైపు వింగ్‌బ్యాక్‌కి కూడా అలాగే పైకి వెళ్ళే డ్యూటీ ఇచ్చి ఉంటే అతను రాలేడు. బయటి మ్యాచ్‌లకి కుడి వైపు ఫుల్‌బ్యాక్‌ని సపోర్ట్‌కో, డిఫెండ్‌కో తెచ్చి వెనక ముగ్గురు ఉండేలా చూసుకోండి.

అటాకింగ్ విడ్త్ (దాడిలో జట్టు ఎంత వెడల్పుగా విస్తరించాలో చెప్పే సూచన) గురించి చాలామందికి ఒక తప్పు అభిప్రాయం ఉంది: చిన్న పిచ్ అయితే న్యారో, పెద్ద పిచ్ అయితే వైడ్ అని. నేను చూసినంతవరకు విడ్త్ సూచన ఆ పిచ్ వెడల్పుకి తగ్గట్టుగానే పనిచేస్తుంది. చిన్న పిచ్‌లో "వైడ్" అన్నా మీకు దొరికే వెడల్పు తక్కువే. కాబట్టి మీరే బలమైన జట్టుగా ఉండి, ప్రత్యర్థి బాక్స్ ముందు గుంపు కట్టినప్పుడు చిన్న పిచ్ మీదే విడ్త్ పెంచాలి. ఉన్న కొద్ది వెడల్పునీ పూర్తిగా వాడుకోకపోతే ఆ గుంపు కదలదు. బయట మీరు బలహీనులైనప్పుడు విడ్త్‌ని ఒక మెట్టు తగ్గించండి, బంతి పోయినప్పుడు మనవాళ్ళు ఒకరికొకరు దగ్గర్లో ఉంటారు. కౌంటర్-ప్రెస్ పనిచేయాలంటే అది కావాలి.

ప్రెసింగ్ ట్రాప్ (ప్రత్యర్థిని ఎటు తరమాలో చెప్పే సూచన) విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. బంతిని బయటికి తరమమంటే టచ్‌లైన్ మీకు అదనపు డిఫెండర్‌లా పనిచేస్తుంది. ఇరుకు పిచ్ మీద ఆ డిఫెండర్ ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాడు. వెడల్పు పిచ్ మీద అక్కడికి తరమాలంటే మీ బ్లాక్ మొత్తం పక్కకి జరగాలి, ఈలోగా ఒక్క పొడవాటి పాస్‌తో ఆటని అటు చివరికి మార్చేస్తారు. మంచి పాసర్లున్న జట్టు మీద బయట ఆడేటప్పుడు ట్రాప్‌ని లోపలికి మార్చండి. మీకు ఇద్దరు హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్లు ఎలాగూ ఉన్నారు, బంతి వాళ్ళ నోటికే వస్తుంది. పక్కల నుంచి క్రాస్‌లు కాస్త పెరుగుతాయి. గాల్లో బంతి గెలిచే సెంటర్‌బ్యాక్‌లుంటే ఆ బేరం నాకు ఓకే.

టెంపో గురించి తక్కువ మాటల్లో: చిన్న పిచ్ దానంతట అదే ఆటని వేగం చేస్తుంది. దాని మీద మీరు ఇంకా టెంపో పెంచితే మీ వాళ్ళే తొందరపడి బంతి జారవిడుస్తారు. హోమ్‌లో మీరు 1-0 లీడ్‌లో ఉండి కూడా చివర్లో టెన్షన్ పడుతున్నారంటే టెంపో ఒక మెట్టు తగ్గించి చూడండి. బయట పాస్ దూరాలు పెరుగుతాయి కాబట్టి పాసింగ్‌ని మరీ షార్ట్‌లో ఉంచకండి.

ఇంటి దగ్గర మీరు వాడుకోకుండా వదిలేస్తున్నది ఒకటుంది: త్రో-ఇన్‌లు. టచ్‌లైన్ నుంచి దగ్గరి గోల్‌పోస్ట్ వరకు దూరం 68 మీటర్ల పిచ్‌లో 30 మీటర్ల పైన ఉంటుంది, మీ పిచ్‌లో 29 మీటర్ల లోపే. స్టోక్ సిటీ 2008లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చినప్పుడు వాళ్ళ పిచ్ వెడల్పు 64 మీటర్లు. మేనేజర్ టోనీ పూలిస్ దగ్గర రోరీ డెలాప్ అనే మిడ్‌ఫీల్డర్ ఉండేవాడు. చిన్నప్పుడు జావెలిన్ విసిరినవాడు. అతను టవల్‌తో బంతి తుడుచుకుని, గీత మీద నిలబడి, బంతిని తక్కువ ఎత్తులో గురి చూసి బాక్స్‌లోకి విసిరేవాడు. కార్నర్ కిక్ కంటే ప్రమాదకరంగా ఉండేది. 2008 నవంబర్ 1న ఆర్సెనల్ మీద 2-1తో గెలిచిన మ్యాచ్‌లో స్టోక్ రెండు గోల్స్ ఆ త్రోల నుంచే వచ్చాయి. ఆర్సెన్ వెంగర్ జట్టు పాస్‌ల ఆటకి పేరున్నది, ఆ ఇరుకులో దానికి ఊపిరి ఆడలేదు. ఇరుకు పిచ్‌ని అడ్డంకిగా కాకుండా ఆస్తిగా చూసిన జట్టు అది.

గేమ్‌లో లాంగ్ త్రోస్ అని ఒక యాట్రిబ్యూట్ ఉంటుంది, ఆటగాళ్ళని కొనేటప్పుడు దాదాపు ఎవరూ చూడరు. ఒక్క ఫుల్‌బ్యాక్‌కి అది బాగా ఉంటే చాలు, సెట్ పీస్‌లలో త్రో-ఇన్‌ల దగ్గర అతన్ని పెట్టి, దగ్గరి పోస్ట్ ముందు ఎత్తుకి ఎగిరేవాడిని నిలబెట్టండి. హోమ్ మ్యాచ్‌లకి ఇది దాదాపు ఉచితంగా వచ్చే అవకాశం. బయట మాత్రం ఆ ఒకటిన్నర మీటరు తేడాతో బంతి ముందే పడుతుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక మీ చివరి ప్రశ్న, కొలతలు మార్చుకోవడం. మార్చుకోవచ్చు, లీగ్ నిబంధనలు ఒప్పుకుంటే. సీజన్ మొదలవకముందు ఆ అవకాశం గురించి ఇన్‌బాక్స్‌కి మెసేజ్ వస్తుంది. ఒకసారి నిర్ణయించాక సీజన్ అంతా అదే. ప్రీ-సీజన్‌లో కంటిన్యూ బటన్ నొక్కుకుంటూ పోయేవాళ్ళు దాన్ని చూడకుండానే దాటేస్తారు. మెసేజ్ రాకపోతే మీ లీగ్‌లో కొలతలు బిగించి ఉన్నాయని అర్థం. ప్రీమియర్ లీగ్‌లో నిబంధన 105 × 68, స్టేడియం కట్టడం అడ్డం వచ్చే పాత గ్రౌండ్‌లకే మినహాయింపు. క్రావెన్ కాటేజ్‌కి ఒక పక్క థేమ్స్ నది, ఇంకో పక్క 1905లో ఆర్చిబాల్డ్ లీచ్ కట్టిన స్టాండ్. ఆ స్టాండ్ రక్షిత కట్టడం, దాన్ని వెనక్కి జరపలేరు. కాబట్టి ఫుల్హామ్‌తో ఉన్నంతకాలం ఆ పిచ్‌తోనే కాపురం.

కింది డివిజన్లలో సేవ్ మొదలుపెడితే మాత్రం ఇది నిజమైన ఆయుధం. ఆట చట్టాల ప్రకారం పిచ్ పొడవు 90 నుంచి 120 మీటర్ల వరకు, వెడల్పు 45 నుంచి 90 వరకు ఉండొచ్చు. అంతర్జాతీయ మ్యాచ్‌లకి 100–110, 64–75. ఒక్కో లీగ్ ఈ హద్దుల్లోపల తన హద్దు తను పెట్టుకుంటుంది. అసలు ఫుట్‌బాల్‌లో దీన్ని వాడుకున్నవాళ్ళలో నాకు బాగా గుర్తుండేది 1987లో స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్ మేనేజర్ గ్రేమ్ సూనెస్. యూరోపియన్ కప్‌లో డైనమో కీవ్ మీద మొదటి లెగ్ 1-0తో ఓడి వచ్చారు. కీవ్ బలం వింగ్‌లలో ఉంది. కీవ్ వాళ్ళు రెండో లెగ్‌కి ముందురోజు రేంజర్స్ గ్రౌండ్ ఐబ్రాక్స్‌లో మామూలు వెడల్పు పిచ్ మీద ప్రాక్టీస్ చేసి వెళ్ళారు. మర్నాడు వచ్చేసరికి టచ్‌లైన్లు లోపలికి జరిగి ఉన్నాయి, నిబంధనలు ఒప్పుకునే కనీస వెడల్పుకి. రేంజర్స్ 2-0తో గెలిచి ముందుకి వెళ్ళారు. గేమ్‌లో ఇలా మ్యాచ్‌కో రకంగా సున్నం గీతలు జరపలేం. అందుకే సీజన్ మొత్తానికి ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రత్యర్థిని కాకుండా మీ సొంత జట్టుని చూసుకోండి.

వేగమైన వింగర్లు, పాస్ ఇచ్చే మిడ్‌ఫీల్డ్ ఉండి, ఇంటికొచ్చే జట్లు మీకు భయపడి బస్సు అడ్డం పెట్టే (అందరూ సొంత గోల్ ముందే గుమిగూడే) స్థాయిలో ఉంటే పెద్దది చేయండి. కిందామీదా పడి నిలదొక్కుకోవాల్సిన జట్టైతే చిన్నది చేయండి. కానీ ఒక్కటి: మరీ చిన్నది చేసుకుంటే మీకు ఇప్పుడు వచ్చిన సమస్యే వస్తుంది. సగం మ్యాచ్‌లు బయటే కదా. హోమ్‌లో ప్రెస్‌తో గెలిచే అలవాటు చేసుకున్న జట్టు బయట ఆ అర మీటరు అందుకోలేక తడబడుతుంది. నేను అందుకే పొడవుని లీగ్‌లో మామూలుగా ఉండేంతే ఉంచి, వెడల్పు మాత్రమే కొంచెం తగ్గిస్తాను.

పిచ్ పరిస్థితి కూడా చూడండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గడ్డి పాడైపోయిన, వాన పడిన పిచ్ మీద 68 మీటర్లున్నా బంతి పారదు. అలాంటప్పుడు కొలతల గురించి ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టి కాస్త డైరెక్ట్‌గా ఆడండి. మీ సొంత పిచ్ అలా తయారైతే మళ్ళీ వేయించమని బోర్డుని అడగొచ్చు.

ఇక ఆచరణలో. మూడు ట్యాక్టిక్ స్లాట్‌లున్నాయి. మొదటిదాంట్లో మీ హోమ్ ట్యాక్టిక్. దాన్నే కాపీ చేసి రెండోదాంట్లో పెట్టి, పైన చెప్పిన మార్పులు మాత్రమే చేయండి: మిడ్ బ్లాక్, ట్రిగ్గర్ ప్రెస్ ఒక మెట్టు తక్కువ, విడ్త్ ఒక మెట్టు తక్కువ, కుడి ఫుల్‌బ్యాక్ వెనక్కి. కొత్తది మొదటి నుంచి కడితే జట్టుకి ట్యాక్టికల్ ఫెమిలియారిటీ (ట్యాక్టిక్ అలవాటు కావడం) మళ్ళీ రావడానికి వారాలు పడుతుంది, కాపీ అయితే చాలావరకు అలాగే ఉంటుంది. మూడో స్లాట్ లీడ్ కాపాడుకోవడానికి.

తర్వాతి అవే మ్యాచ్‌కి రెండో స్లాట్‌తో దిగండి. మొదటి 15 నిమిషాలు హైలైట్స్ కాకుండా మ్యాచ్ పూర్తిగా చూడండి. బంతి వైపు చూడొద్దు. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్ చేతికి, అంటే కాలికి, బంతి వచ్చిన ప్రతిసారీ మీ స్ట్రైకర్ నుంచి మీ డిఫెన్స్ దాకా ఎంత దూరం ఉందో చూడండి. జట్టు మొత్తం ఆ మధ్యలో ఒక దుప్పటిలా కనబడుతుంటే సెట్ అయినట్టే, ముట్టుకోకండి. దుప్పటి నడిమికి చిరుగుతున్నట్టు కనబడితే లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ ఇంకా పైనే ఉందని అర్థం. 60వ నిమిషం దగ్గర ఇద్దరు బయటి ఆటగాళ్ళ కండిషన్ చూడండి, ఐదు సబ్‌స్టిట్యూషన్‌లు ఉన్నాయి కాబట్టి అలసిన వింగ్‌బ్యాక్‌ని లాగేయడానికి వెనకాడొద్దు. నాలుగు అవే మ్యాచ్‌లు ఇలా ఆడి, పీపీడీఏ అంకెలు, పడిన గోల్స్ ఎక్కడి నుంచి మొదలయ్యాయో రాసి ఇక్కడే పెట్టండి. అవి చూస్తే మీ రెండో స్లాట్‌లో ఇంకేం సర్దాలో కలిసి తేల్చుదాం.